మోరిగన్ కాకి మీద చిన్న కవితలు: చావు తప్ప మరేదీ కనిపించడం లేదు

కొత్తపాదం (ప్రశ్న):
ఐర్లండ్ పురాగాథల్లోని యుద్ధదేవత మోరిగన్ గురించి, ఆమె ధరించే కాకి రూపం గురించి నాలుగేసి పాదాల కవితలు వరుసగా రాస్తున్నాను. అన్నీ ఒకచోట పెట్టి చదివితే ప్రతిదానిలోనూ కాకి శవం మీదే వాలుతోంది. అవే గాథల్లోని మహావీరుడు కూహులిన్ మరణఘట్టం మీద రాసినది ఇది:

యుద్ధభూమి మీద
నల్లని రెక్కలు
మృత్యువు
దిగివచ్చింది

ఇందులో ఏమి లోపించిందో, ఆమెను మరెలా చూడవచ్చో పెద్దలు దయచేసి చెప్పగలరు.

గాథాప్రియుడు:
ఈ కవితను ఏ దేశపు ఏ యుద్ధానికైనా అతికించవచ్చు. లోపం అదేనని నా అభిప్రాయం. కూహులిన్ ప్రాణం పోయే వేళ కూడా నిలబడే ఉండాలని తనను తాను ఒక నిలువురాతికి కట్టుకొన్నాడు. అతడు చనిపోయాడో లేదో తెలియక శత్రువులు దగ్గరికి రావడానికే జంకారు. భుజం మీద కాకి వాలాక గానీ వాళ్లకు ధైర్యం చాలలేదు. డబ్లిన్‌లోని జనరల్ పోస్టాఫీసులో, బ్రిటిష్ పాలనపై జరిగిన 1916 తిరుగుబాటుకు స్మారకంగా నిలిపిన ఆలివర్ షెపర్డ్ కంచు శిల్పంలో ఉన్నది ఆ క్షణమే: తల వాలిపోయిన వీరుడు, భుజం మీద పక్షి. కాకి అక్కడ చంపడానికి రాలేదు, సైన్యానికి తెలియనిది దానికి తెలుసు. మీరు పట్టుకోవలసింది శత్రువుల ఆ తటపటాయింపు.

రాతికి కట్టుకొన్న దేహం
ఇంకా నిలబడే ఉంది
వెయ్యి కత్తులకు లేని చొరవ
ఒక్క కాకికి

నదీతీరం:
పై మాటతో ఏకీభవిస్తూనే, కాకిని కాసేపు పక్కన పెట్టమని కోరుతున్నాను. కూహులిన్ తన ప్రేమను తోసిపుచ్చాక మోరిగన్ మలుగుపాముగా, తోడేలుగా, కొమ్ములు లేని ఎర్రని పెయ్యగా మారి, అతడు ఏటి రేవులో పోరాడుతుండగా అడ్డుపడింది. మూడు రూపాల్లోనూ అతడి చేతిలో గాయపడింది. తరువాత ముసలమ్మ వేషంలో మూడు చన్నుల ఆవును పితుకుతూ కూర్చుంటే, దప్పికతో వచ్చిన అతడు పాలు తాగిన ప్రతిసారీ ఆమెను దీవించాడు. ఆ దీవెనలకు ఆమె గాయాలు మానిపోయాయి. నీవని తెలిసి ఉంటే మాన్పేవాణ్ణి కానన్నాడు. ఇంత గొప్ప ఘట్టం ఉండగా రెక్కల దగ్గరే ఆగిపోవడం అన్యాయం. ఐరిష్ దేవతలు తమ శత్రువులతో చేసిన మాగ్ తూరెద్ యుద్ధం గెలిచాక శాంతిని చాటినదీ, ఆ వెంటనే లోకాంతాన్ని ముందుగా చెప్పినదీ కూడా ఈమె నోరే.

గాథాప్రియుడు:
నిజమే, అయితే నెత్తురును పూర్తిగా తుడిచేస్తే ఆమె మోరిగన్‌గా మిగలదు. ఆమెతో కలిపి చెప్పే మరో దేవత మాఖా విషయంలో, తెగిన తలలను ఆమె ఓక్ కాయల పంటగా పాత ఐరిష్ నిఘంటుకారులు వివరించారు. అంతటి కర్కశమైన పోలిక ఒక్కటైనా మీ వరుసలో ఉండాలి. మరొక చిన్న సంగతి: ఐర్లండ్‌లో ఈ గాథలతో ముడిపడిన కాకికి తల, రెక్కలు, తోక నలుపు, ఒళ్లు బూడిదరంగు. "నల్లని రెక్కలు" అని ఊరుకోకుండా ఆ బూడిదరంగును కూడా చూపండి.

కొత్తపాదం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాల ఘట్టంతో మొదలుపెట్టాను. మూడో పాదం అతడి మాటగానే ఉండాలా, తీసివేయాలా అన్నది తేల్చుకోలేకున్నాను.

పాలకు మూడు దీవెనలు
మూడు గాయాలకూ అవే మందు
"నీవని తెలిస్తే ఇచ్చేవాణ్ణి కాను"
అప్పటికే ఆమె లేచి నిలబడింది

నదీతీరం:
ఉంచండి. అది లేకపోతే చివరి పాదంలో ఆమె లేచి నిలబడటానికి బలం ఉండదు.