షెల్టర్ నుంచి తెచ్చుకున్న పిల్లికూనకు జాతి పేరు రాయవచ్చా?

చర్చ మొదలుపెట్టినవారు – తార్నాక, హైదరాబాద్

గత ఆగస్టులో మేము ఒక షెల్టర్ నుంచి రెండున్నర నెలల ఆడ పిల్లికూనను తెచ్చుకున్నాము. ఒళ్లంతా లేత మీగడ రంగులో ఉండడంతో దానికి మీగడ అనే పేరే పెట్టుకున్నాము. చెవులు, మూతి, పాదాలు, తోక మాత్రం మాడిన బెల్లప్పాకం రంగులో ఉంటాయి, కళ్లు నీలం, బొచ్చు పొడుగు. షెల్టర్ వారు ఇచ్చిన కార్డులో జాతి అన్నచోట ‘సయామీస్–పర్షియన్ మిక్స్’ అని రాశారు. టీకాల పుస్తకంలో మాత్రం డాక్టరు గారు ఆ గడిని ఖాళీగా వదిలి, తేల్చుకుని మమ్మల్నే రాసుకోమన్నారు.

దీన్ని తెచ్చిన వలంటీరు గారు చెప్పిన ప్రకారం తల్లి ఒక టిఫిన్ సెంటర్ వెనుక తిరిగే పొట్టి బొచ్చు చారల పిల్లి. ఆ ఈతలో నాలుగు పిల్లలు పుట్టగా, మిగిలిన మూడింటిలో ఒకటి నలుపు, రెండు చారలవి, మూడూ పొట్టి బొచ్చువే. తండ్రి ఎవరో తెలియదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. నవంబరులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినప్పుడు ఎడమ డొక్క మీద అరచేతికంటే కొంచెం చిన్న మేర బొచ్చు గొరిగారు. సంక్రాంతి నాటికి అక్కడ కొత్త బొచ్చు వచ్చింది గానీ, అది మీగడ రంగులో కాక తోక రంగులో వచ్చింది. చర్మవ్యాధేమోనని ముందు భయపడ్డాము, కానీ మా తోడికోడలు అది సయామీస్ లక్షణమని, జాతి రుజువైనట్టేనని అంటోంది. కార్డులో రాసింది సరైనదేనా? పుస్తకంలో ఏమి రాయాలి?

విజయవాడ – పదేళ్లుగా పర్షియన్లను పెంచుతున్నవారు

కార్డులో రాసింది చాలావరకు సరైనదేనని నా అభిప్రాయం. మన వీధుల్లో తరతరాలుగా తిరిగే నాటు పిల్లులకు పొట్టి బొచ్చే ఉంటుంది. గత కొన్నేళ్లుగా పెట్ షాపుల నుంచి, మూతి ఎంత చదునుగా ఉందో దాన్ని బట్టి డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ అనే పేర్లతో పర్షియన్లను కొని, బొచ్చు దువ్వలేక, ఖర్చు భరించలేక వదిలేసేవారిని నేను నా కళ్లతో చూస్తున్నాను. ఆపరేషన్ చేయని గండుపిల్లి ఒకటి బయటికి పోతే ఆ పేట పిల్లులన్నింటిలోనూ దాని రక్తం కలుస్తుంది. పొడుగు బొచ్చుకు నీలి కళ్లు, ముదురు చెవులు కూడా తోడైన పిల్లికి తండ్రి హిమాలయన్ (పర్షియన్ల పొడుగు బొచ్చు, సయామీస్ పిల్లుల ముదురు కొసల రంగు కలిసిన జాతి) అయ్యే అవకాశమే ఎక్కువ. దాన్ని మామూలు వీధి పిల్లి అని రాస్తే, మనకు తెలిసిన ఒక సమాచారాన్ని మనమే కొట్టివేసినట్టు అవుతుంది.

హన్మకొండ – జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు

విజయవాడ వారి అనుభవాన్ని నేను కాదనడం లేదు. అయితే బొచ్చులో కనిపించే లక్షణం వేరు, వంశం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే కార్డు మీద ఆ మాట వచ్చిందని నా నమ్మకం.

ముందు డొక్క మీది మచ్చ సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ కథలో అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం అదే. ముదురు రంగు తయారు కావడానికి టైరోసినేజ్ అనే ఎంజైము కావాలి. మీగడలాంటి పిల్లుల్లో ఆ ఎంజైము జన్యువు కొద్దిగా మారి ఉంటుంది, ఆ మార్పు వల్ల ఎంజైము వెచ్చదనంలో సరిగా పనిచేయదు. పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల దాకా ఉంటుంది కనుక నడుము, పొట్ట తెల్లగానే ఉండిపోతాయి, కాస్త చల్లగా ఉండే చెవి కొసలు, ముక్కు, పాదాలు, తోక మాత్రం రంగు తేలుతాయి. ఇలాంటి పిల్లలు తల్లి కడుపులోని వేడి వల్ల దాదాపు తెల్లగానే పుట్టి, కొన్ని వారాల తర్వాత రంగు దిగడానికీ కారణం ఇదే. నవంబరు చలిలో బొచ్చు తీసేసిన డొక్క చల్లబడింది, అక్కడ మొలిచిన కొత్త బొచ్చుకు రంగు పట్టింది. కాబట్టి మీ తోడికోడలు గారు చెప్పినదానిలో సగం నిజం ఉంది. ఆ మచ్చ రుజువు చేసేది ఈ జన్యు మార్పు ఉన్నదన్న విషయాన్నే, సయామీస్ వంశాన్ని కాదు. ఏ జాతికీ చెందని ఆసియా పిల్లుల్లోనూ ఆ మార్పు ఉంది, సయామీస్ అనే జాతిని రూపొందించుకున్నదే అలాంటి థాయిలాండ్ పిల్లుల నుంచి.

ఇక ‘సయామీస్–పర్షియన్ మిక్స్’ అన్న మాటను పదో తరగతిలో చదివిన మెండల్ బఠాణీల లెక్కతో చూద్దాం. పొడుగు బొచ్చు అంతర్గత లక్షణం, ఈ ముదురు కొసల రంగూ అంతర్గత లక్షణమే, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు కాపీలూ అందితేనే అవి పైకి కనిపిస్తాయి. మామూలు పర్షియన్‌ను సయామీస్‌తో కలిపితే పుట్టే పిల్లలకు ఒక్కో కాపీయే అందుతుంది కాబట్టి అవి పొట్టి బొచ్చుతో, కొసల రంగు లేకుండా పుడతాయి. 1930లలో హార్వర్డ్‌లో క్లైడ్ కీలర్, వర్జీనియా కాబ్ సరిగ్గా ఈ సంకరమే చేసినప్పుడు మొదటి తరంలో పొట్టి బొచ్చు నల్ల పిల్లలే పుట్టాయి, పొడుగు బొచ్చు, ముదురు కొసలు కలిసిన పిల్ల తర్వాతి తరాల్లో గానీ రాలేదు. కార్డులో రాసిన రెండు జాతులే మీగడకు నేరుగా తల్లిదండ్రులై ఉంటే, మీగడ ఈ రూపంలో పుట్టి ఉండేది కాదు.

తల్లి సంగతి చూడండి. ఆమె పొట్టి బొచ్చు చారల పిల్లి అయినా, రెండు లక్షణాలూ ఆమెలో దాగి ఉన్నాయని మీగడే సాక్ష్యం చెబుతోంది. తండ్రి కూడా అలా రెండింటినీ దాచుకున్న మామూలు వీధి గండే అయితే, ఒక్కో పిల్లకు రెండు లక్షణాలూ పైకి వచ్చే అవకాశం 16లో 1, అంటే మనకు తెలిసిన 9:3:3:1లో చివరి ఒకటి. తండ్రి హిమాలయన్ అయితే ఆ అవకాశం 4లో 1, ఇంతవరకు విజయవాడ వారి వాదనకే బలం. కానీ అప్పుడు రెండు లక్షణాలూ కనిపించని పిల్ల పుట్టే అవకాశం కూడా 4లో 1 మాత్రమే, వీధి గండు విషయంలో అది 16లో 9. మిగిలిన మూడు పిల్లలూ పొట్టి బొచ్చుతో, కొసల రంగు లేకుండా పుట్టాయి. మొత్తం నాలుగింటినీ కలిపి లెక్క వేస్తే, ఈ ఈత హిమాలయన్ తండ్రికంటే లక్షణాలు దాచుకున్న వీధి తండ్రికే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా సరిపోతుంది.

విజయవాడ

లెక్క బాగుంది, నేను కాగితం మీద వేసి చూసుకున్నాను కూడా. కానీ ఒకే ఈతలోని పిల్లలకు ఇద్దరు ముగ్గురు తండ్రులు ఉండడం పిల్లుల్లో మామూలే. నల్లదానికీ, చారలవాటికీ తండ్రి వేరొక గండు అయితే ఆ మూడింటినీ మీరు లెక్కలోకి తీసుకోకూడదు, అప్పుడు మళ్లీ 4లో 1కీ, 16లో 1కీ మధ్యే పోటీ. పైగా ఆ తల్లిలో దాగిన పొడుగు బొచ్చు జన్యువు మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది?

హన్మకొండ

తండ్రుల విషయంలో మీ అభ్యంతరం న్యాయమైనది, ఆ మేరకు నా మూడు రెట్ల మాట నిలవదు. తల్లి జన్యువు విషయంలో మాత్రం ఒప్పుకోలేను. పొడుగు బొచ్చు పర్షియన్ల సొంత ఆస్తి కాదు, ఎఫ్‌జీఎఫ్5 అనే జన్యువులో వేరువేరు మార్పుల వల్ల అది వస్తుందని 2007లోనే గుర్తించారు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వీర్ పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేసినది 1871లో, ఇప్పుడు మనం చెప్పుకునే జాతుల్లో ఎక్కువ భాగం ఆ తర్వాత నమోదైనవే. సైప్రస్‌లో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం సుమారు 9,500 ఏళ్ల నాటిది. ఇంటి పిల్లి ముందు పుట్టింది, జాతులను దానిలోంచి ఏరుకున్నారు. ఆ వరసను తలకిందులు చేసి, వీధి పిల్లి అంటే ఏవో రెండు జాతుల కలయిక అనుకోవడం కుక్కల విషయంలో కొంత చెల్లుతుందేమో గానీ, పిల్లుల విషయంలో చెల్లదు.

న్యూజెర్సీ నుంచి

మా చారల పిల్లిని ఇక్కడి షెల్టర్ వారు ‘మెయిన్ కూన్ మిక్స్’ అని ఇచ్చారు, మెయిన్ కూన్ అంటే బాగా పెద్దగా పెరిగే పొడుగు బొచ్చు అమెరికా జాతి. నుదుటి మీద ఎం అక్షరం ఉండడాన్ని వారు ఆనవాలుగా చూపించారు. ఆ గుర్తు చారల పిల్లులన్నింటికీ ఉంటుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు దానికి ఐదేళ్లు, బరువు నాలుగు కిలోలు. అపార్ట్‌మెంట్ వారికిచ్చే పత్రంలో మా డాక్టరు ‘డొమెస్టిక్ షార్ట్ హెయిర్’ అని రాశారు, అది జాతి పేరు కాదు, ఏ జాతికీ చెందని పొట్టి బొచ్చు ఇంటి పిల్లి అని అర్థం.

డీఎన్ఏ పరీక్ష చేయించాలనుకునేవారికి ఒక మాట. పరీక్షించేవారి దగ్గర ఉన్న నమూనాల్లో మన పిల్లి దేనికి దగ్గరగా ఉందో మాత్రమే ఆ ఫలితం చెబుతుంది. మన ఊళ్ల పిల్లుల నమూనాలు అందులో లేకపోతే, దగ్గరలో కనిపించిన జాతి పేరు వస్తుంది. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు ప్రచురించిన పరిశీలనలో పర్షియన్ జాతి పశ్చిమాసియా పిల్లులతో కాక పశ్చిమ యూరప్ పిల్లులతో కలిసింది. అబిస్సీనియన్ అనే మరో జాతి పేరు ఇథియోపియాది, కానీ 1830లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ మ్యూజియం కొన్న అలాంటి పిల్లి నమూనా మీద ‘ఇండియా’ అనే రాసి ఉంది. జాతి పేరు చూసి పుట్టిన ఊరు చెప్పలేము.

షెల్టర్ వలంటీరు – హైదరాబాద్

ఇలాంటి కార్డులు రాసేవారిలో నేనూ ఒకరిని, కనుక ఎందుకు రాస్తామో చెప్పడం నా బాధ్యత. ‘పర్షియన్ మిక్స్’ అని ఫొటో పెట్టిన రోజు ఫోన్లు ఆగవు, నల్లపిల్ల ఫొటోకు వారం గడిచినా ఒక్క ఫోనూ రాదు. గూడు దొరకడం ముఖ్యమన్న ఆలోచనతో ఆ మాట రాస్తాము. అయితే అలా ‘పర్షియన్’ అని ఇచ్చిన ఒక పిల్లను మూడు నెలల తర్వాత, మూతి పొడుగ్గానే ఉండిపోయిందన్న కారణంతో తిరిగి తెచ్చి ఇచ్చారు. ఆ మూడు నెలల్లో అది ఆ ఇంటివారికి పూర్తిగా అలవాటుపడింది, మా దగ్గరికి వచ్చాక నాలుగు రోజులు గిన్నె ముట్టలేదు. అప్పటి నుంచి నేను రంగు, బొచ్చు పొడవు, స్వభావం మాత్రమే రాస్తున్నాను. ఫోన్లు తగ్గిన మాట వాస్తవమే.

పశువైద్యురాలు – గుంటూరు

వైద్యం కోసం జాతి తెలియాలనే వాదన తరచూ వింటుంటాను. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటితిత్తులు ఏర్పడే వంశపారంపర్య జబ్బు ఉంది, ఒక్క కాపీ చాలు, దానికి కారణమైన జన్యు మార్పును 2004లో గుర్తించారు. మీ పిల్లికి పర్షియన్ పూర్వీకులు ఉన్నారేమో అన్న అనుమానం ఉంటే, జాతి తేలేదాకా ఆగనక్కరలేదు. పది నెలలు దాటాక అల్ట్రాసౌండ్ చేయిస్తే తిత్తులు ఉన్నదీ లేనిదీ చాలావరకు తెలుస్తుంది. రక్తం ఎక్కించాల్సి వచ్చినా అంతే, జాతిని బట్టి ఊహించకుండా గ్రూపు పరీక్ష చేస్తాము, ఎందుకంటే బి గ్రూపు పిల్లికి ఎ గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. డొక్క మీది మచ్చ గురించి భయపడకండి, సాధారణంగా తర్వాత బొచ్చు రాలి మళ్లీ వచ్చినప్పుడు రంగు సర్దుకుంటుంది. వేసవిలో మాత్రం చంకల కింద, చెవుల వెనుక రోజూ దువ్వండి, పొడుగు బొచ్చు ముందు జడలు కట్టేది అక్కడే.

చర్చ మొదలుపెట్టినవారు – తార్నాక

అందరికీ కృతజ్ఞతలు. విజయవాడ వారి మాటను నేను పూర్తిగా కొట్టివేయడం లేదు, తండ్రి హిమాలయనే అయి ఉండవచ్చు. అయినా, అయి ఉండవచ్చు అన్నదాన్ని పుస్తకంలో ఎక్కించడం సరికాదనిపించింది. నిన్న రాత్రి జాతి గడిలో ‘నాటు పిల్లి, పొడుగు బొచ్చు, ముదురు గోధుమ కొసలు, నీలి కళ్లు’ అని రాశాను. దాని కిందనే ‘తల్లి: పొట్టి బొచ్చు చారల పిల్లి, తార్నాక’ అని కూడా చేర్చాను. అల్ట్రాసౌండ్ వచ్చే నెలలో చేయిస్తాము. డొక్క మీది మచ్చ అంచుల్లో రెండు మూడు మీగడ రంగు వెంట్రుకలు ఈ ఉదయం దువ్వుతుంటే కనిపించాయి.