30 రోజుల సీసీ కెమెరా రికార్డింగ్‌కి ఎన్ని టీబీల డిస్క్ కావాలి?

నిజాంపేట్ ఫ్లాట్: మా అపార్ట్‌మెంట్‌లో 8 ఐపీ కెమెరాలు బిగించారు, అన్నీ 4 మెగాపిక్సెల్. హార్డ్ డిస్క్ ఇంకా కొనలేదు. కమిటీ వాళ్లకి 30 రోజుల వీడియో ఉండాలి. బిగించినతను 2 టీబీ చాలంటున్నాడు. సరిపోతుందంటారా?

కోఠి టెక్నీషియన్: చాలదండి. మెగాపిక్సెల్ చూసి లెక్క కట్టొద్దు, బిట్‌రేట్ (సెకనుకు ఎంత డేటా రికార్డవుతుందో) చూడండి. 1 ఎంబీపీఎస్ (సెకనుకు 1 మెగాబిట్)తో 24 గంటలు రికార్డయితే 10.8 జీబీ. వీడియోని కుదించే పద్ధతి హెచ్.265లో 2 ఎంబీపీఎస్ పెట్టారనుకుందాం. ఒక్కో కెమెరాకి రోజుకు 21.6 జీబీ, ఎనిమిదింటికి 173 జీబీ, నెలకు 5.2 టీబీ. 2 టీబీ అయితే 12వ రోజుకల్లా పాత వీడియో చెరిగిపోవడం మొదలవుతుంది. పాత పద్ధతి హెచ్.264 అయితే అదే క్వాలిటీకి దాదాపు రెట్టింపు బిట్‌రేట్ పెట్టాలి.

బేగంబజార్ షాపు: మోషన్ రికార్డింగ్ (ఏదైనా కదిలితేనే రికార్డవడం) పెడితే చాలా మిగులుతుందని చెప్తారు. మా గోడౌన్‌లో నిజమే, రాత్రంతా ఏదీ కదలదు. షట్టర్ ముందు కెమెరా అలా కాదు. ట్రాలీ ఆటోలు, హమాలీలు, తోపుడు బళ్లు... పొద్దున్నుంచి రాత్రి దాకా రికార్డవుతూనే ఉంటుంది. రోడ్డు వైపు కెమెరాకి 24 గంటల లెక్కే వేసుకోండి.

మణికొండ: వానాకాలం రాత్రుళ్లు కెమెరా ఐఆర్ లైటు (చీకట్లో చూడటానికి వెలిగే ఇన్‌ఫ్రారెడ్ లైటు) చుట్టూ ఉసిళ్లు ముసిరినా మోషన్ ఆన్ అయిపోతుంది. అందుకే కాస్త ఎక్కువే ఉంచుకోండి. మా వీధిలో ఒకాయన ఊరెళ్లి వచ్చేసరికి స్కూటర్ పోయింది. ఫుటేజీ అడిగితే ఆ రోజులన్నీ అప్పటికే చెరిగిపోయాయి. చాలా బాధనిపించింది.

నిజాంపేట్ ఫ్లాట్: సెకనుకు 25 ఫ్రేములని 15కి తగ్గిస్తే?

కోఠి టెక్నీషియన్: బిట్‌రేట్ కాన్‌స్టంట్‌లో (ఎప్పుడూ ఒకేలా) ఉంటే ఫ్రేములు తగ్గించినా సైజు తగ్గదండి, బిట్‌రేట్ కూడా దించాలి. వేరియబుల్‌లో (దృశ్యాన్ని బట్టి మారేలా) ఉంటే మాక్స్ బిట్‌రేట్‌తో లెక్క కట్టండి. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ వద్దు. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి రోజంతా ఆగకుండా రాయడానికే చేసినవి. ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) ఎన్ని టీబీల వరకు తీసుకుంటుందో కూడా కొనే ముందే చూడండి.

నిజాంపేట్ ఫ్లాట్: చూశానండి. అన్నిటికీ 4 ఎంబీపీఎస్ పెట్టేశాడు, అంటే నెలకు 10 టీబీ పైనే! నంబర్ ప్లేట్లు కనబడాలి కాబట్టి గేటు, పార్కింగ్ కెమెరాలు 4లోనే ఉంచుతాను. కారిడార్లవి ఆరూ 2కి దించితే నెలకు 6.5 టీబీ. మా ఎన్‌వీఆర్ 8 టీబీ వరకు తీసుకుంటుంది. కమిటీని 8కే ఒప్పిస్తాను.