బయట పెట్టి పెయింట్ వేసే పనులకి ఏ ప్లైవుడ్ తీసుకోవాలి?

కొత్తరంపం:
పెరట్లోకి మూడు వస్తువులు చేద్దామనుకుంటున్నాను. పనిముట్లు పెట్టుకునే చిన్న అల్మారా, ఒక బెంచీ, గేటు పక్కన నిలబెట్టే బోర్డు. మూడూ ప్లైవుడ్‌తోనే, మూడింటికీ పెయింటే, వార్నిష్ కాదు. పైన కప్పు ఉండదు, ఎండా వానా నేరుగా పడతాయి. ఒకరేమో మెరైన్ ప్లై తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దంటారు, ఇంకొకరు ఎలాగూ పెయింట్ వేస్తావు కదా, మామూలు వాటర్‌ప్రూఫ్ ప్లై చాలు, దండగ ఖర్చెందుకు అంటారు. మూడో ఆయన స్లాబు పోసేటప్పుడు కాంక్రీటుకి అచ్చుగా పెట్టే షట్టరింగ్ ప్లై తీసుకో, పచ్చి కాంక్రీటుని తట్టుకునేది వానకి తట్టుకోదా అన్నాడు, ఆ మాట కూడా సబబుగానే అనిపించింది. ఇంట్లో ఫర్నిచర్ చేసిన అలవాటుంది గానీ బయటి పని ఇదే మొదలు. అసలు మెరైన్‌కీ వాటర్‌ప్రూఫ్‌కీ తేడా ఎక్కడుంది? పెయింట్ వేశాక కూడా ఆ తేడా ఉంటుందా?

పాతచిత్రిక:
షీటు మీద వాటర్‌ప్రూఫ్ అని ముద్ర ఉంటే అది లోపలి జిగురు గురించి, చెక్క గురించి కాదు. సగం గందరగోళం దీంతోనే వస్తుంది.

ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్, అంటే నెమ్ముని తట్టుకునేది) అని ఉండే రకంలో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. గాలిలో నెమ్ము వరకు పర్వాలేదు, రోజుల తరబడి వానలో నానితే మాత్రం పొరలు పుస్తకంలా విచ్చుకుంటాయి, కాబట్టి పైన ఎన్ని కోట్లు వేద్దామనుకున్నా దాన్ని పక్కన పెట్టేయండి. బీడబ్ల్యూపీ (బాయిలింగ్ వాటర్ ప్రూఫ్, మరిగే నీళ్లకీ చెక్కుచెదరనిది) రకంలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ వాడతారు. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై అయితే ముక్కని 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు ఊడకూడదు. బీడబ్ల్యూఆర్ (బాయిలింగ్ వాటర్ రెసిస్టెంట్) ఈ రెండిటికీ మధ్యలోది, వంటగదికి సరే, కప్పు లేని చోట నేనైతే పెట్టను. కొనేటప్పుడు అంచు చూడండి, ఫినాల్ జిగురు గీతలు ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. రంగొక్కటే చూసి నమ్మడం కంటే చిన్న ముక్క కోయించుకుని కొన్ని గంటలు మరిగిస్తే నిజం తెలిసిపోతుంది.

మెరైన్‌లో అదనంగా దొరికేది లోపలి పొరల నాణ్యత. మామూలు రకంలో మధ్య పొరలు సరిగ్గా కలవక సందులుండొచ్చు, ఊడిపోయిన ముడుల దగ్గర బొక్కలుండొచ్చు. నీళ్లు ఒకసారి అందులోకి చేరాయంటే ఆరడం కష్టం, రెండు వైపులా పెయింట్ ఉన్నప్పుడు మరీ కష్టం, అంటే పెయింట్ ఆ తేడాని తగ్గించదు సరికదా ఇంకా పెంచుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్లు పట్టదు, అంతకు బాగా పైకి పోయి అక్కడే నిలిచిపోతేనే గొడవ. అలాగని మెరైన్ అంటే కుళ్లనిదని కాదు. బీఎస్ 1088 అనే బ్రిటిష్ మెరైన్ ప్లై ప్రమాణం ముద్రతో వచ్చే ఒకూమే అనే ఆఫ్రికా చెక్క ప్లైతో పడవలే కడతారు, అయినా ఆ చెక్కకి సొంతంగా కుళ్లుని తట్టుకునే గుణం చాలా తక్కువ, అంచులు వదిలేస్తే అదీ పోతుంది. బర్చ్ ప్లై కూడా అంతే, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా బయటికి తీసుకురావద్దు.

రంగులడబ్బా:
పైన రాసినదంతా కరెక్టే, కానీ అందరూ జిగురు దగ్గరే ఆగిపోతారు. బయట పెయింట్ వేసిన ప్లై ముందు పాడయ్యేది పొరలు ఊడి కాదు, పై పొర మీద నెర్రెలు వచ్చి. ప్లై పొరలని దుంగని గుండ్రంగా తిప్పుతూ పెద్ద బ్లేడుతో ఒలుస్తారు, ఒలిచేటప్పుడే దాంట్లో కంటికి కనపడని సన్నటి చీలికలు పడతాయి. వానకి ఉబ్బి, ఎండకి ముడుచుకుని, అవి మెల్లగా పైకి తేలి మీద ఉన్న పెయింట్‌ని కూడా పొడుగ్గా చీల్చేస్తాయి. ఇక అక్కడి నుంచి నీళ్లు లోపలికి. డగ్లస్ ఫర్ లాంటి మెత్త కలప ప్లైలో ఇది మరీ ఎక్కువ. మెరైన్ ముద్ర ఉన్నా వస్తాయి, ఎంత ఖరీదైన పెయింటైనా వస్తాయి.

దీనికి అసలైన మందు ఎండీవో (మీడియం డెన్సిటీ ఓవర్‌లే) ప్లై. ఫినాలిక్ రెసిన్ పట్టించిన కాగితాన్ని ప్లై మీద వేడితో నొక్కి అతికిస్తారు, ఆ కాగితం పెయింట్‌ని బాగా పట్టుకుంటుంది, కింది చీలికలని పైకి రానివ్వదు. రోడ్డు పక్క సైన్ బోర్డులకి దీన్ని వాడటం అందుకే. మీ బోర్డుకైతే రెండో ఆలోచన అక్కర్లేదు. షట్టరింగ్ ప్లై దీనికి సరిగ్గా ఉల్టా: కాంక్రీటు అంటుకోకూడదనే దాని మీద ఆ నున్నటి ఫిల్మ్ వేస్తారు, కాంక్రీటే అంటుకోనిది పెయింట్ ఎలా అంటుకుంటుంది చెప్పండి. గరుకు కాగితంతో రుద్ది వేసినా పెచ్చులుగా లేస్తుంది. రంగు అక్కర్లేకపోతే మంచి సరుకే.

కొత్తరంపం:
థాంక్సండీ, షట్టరింగ్ టెన్షన్ తీరింది. ఎండీవో దొరకకపోతే మాత్రం ఏం చేయాలి? మా పెయింటర్ రెండు వైపులా పుట్టీ లాగి ఎనామిల్ కొడితే అద్దంలా వస్తుందంటున్నాడు.

రంగులడబ్బా:
వస్తుంది, మొదటి వాన దాకా. గోడ పుట్టీ చెక్కతో పాటు కదలలేదు, పగిలి రాలుతుంది. గుంటలుంటే ఎపాక్సీ ఫిల్లర్‌తో అక్కడికక్కడ నింపించండి చాలు.

ఎండీవో లేకపోతే బీడబ్ల్యూపీలోనే పై పొర ముడులు లేకుండా, సన్నటి పోగుతో ఉన్న గట్టి చెక్క రకం చూడండి. ఇంకా ఓపిక ఉంటే పడవలు చేసేవాళ్ల పద్ధతి ఉంది: పల్చటి గ్లాస్ ఫైబర్ గుడ్డ పరిచి ఎపాక్సీతో తడిపేస్తారు, నెర్రెలు ఇక పైకి రావు. ఎపాక్సీ గట్టిపడ్డాక పైన జిడ్డులాంటి పొర తేలొచ్చు, దాన్ని నీళ్లతో కడిగి, రుద్ది, అప్పుడు ప్రైమర్ వేయాలి. ఎండకి ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి పైన పెయింట్ తప్పనిసరి. బోర్డుకి ఇంత శ్రమ చేయొచ్చు, అల్మారా మొత్తానికి చేస్తే మాత్రం మీకు దండం.

పెయింట్ విషయంలో నా ఓటు బయటి రకం యాక్రిలిక్‌కే. సాగుతుంది, చెక్క కదిలితే కొంతవరకు తనూ కదులుతుంది. ఎనామిల్ మెరుపు బాగుంటుంది గానీ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. కింద ప్రైమర్ మాత్రం మానొద్దు. లేత రంగు ఎంచుకోండి, ముదురు రంగు ఎండని పీల్చి చెక్కని కాల్చేస్తుంది, నెర్రెలూ ఆ మేరకు పెరుగుతాయి.

నీటిచుక్క:
అంచుల గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. షీటు మొహం తాగే నీళ్లు ఎంత, అంచు తాగేది ఎంత! కోసిన ప్రతి అంచుకీ ఎపాక్సీ పట్టించండి, పీల్చుకున్నకొద్దీ మళ్లీ వేయండి, ఇక పీల్చడం ఆగేదాకా. ఎపాక్సీ వద్దనుకుంటే ప్రైమర్‌తోనైనా అదే పని చేయండి. అంచులని పదునుగా వదలకుండా కొంచెం గుండ్రంగా రుద్దండి, పదును మీద పెయింట్ నిలవదు, పల్చబడి అక్కడే ముందు పోతుంది. ఇదంతా బిగించకముందే జరగాలి, బిగించాక లోపలి అంచుకి బ్రష్ వెళ్లదు. కనపడని వెనక వైపుకి కూడా అన్నే కోట్లు, లేకపోతే రెండు వైపులా తేమ తేడా వచ్చి షీటు వంగుతుంది.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వాడండి. ముందు కన్నం పెట్టి అందులో కూడా కాస్త ఎపాక్సీ వేసి బిగిస్తే ఆ దారిన నీళ్లు దిగవు.

అల్మారా పై పలకకి వాలు ఇవ్వండి, బయటికి వచ్చిన చూరు అడుగున సన్నటి గాడి కొడితే నీటిబొట్టు అక్కడే తెగి కిందపడుతుంది, తలుపు మీదకి పాకదు. ఏదీ నేరుగా నేలని తాకకూడదు. కాళ్ల కింద రాయో ప్లాస్టిక్ ముక్కో పెట్టండి.

బెంచీ సంగతి మాత్రం నేను ఒప్పుకోను. కూర్చునే పలక అడ్డంగా, చదునుగా ఉంటుంది, నీళ్లు నిలిచేది అక్కడే, పెయింట్ అరిగేదీ అక్కడే. దానికి ప్లై ఎందుకు? మంచి కలప పట్టీలు సందులిచ్చి బిగిస్తే నీళ్లు కిందికి జారిపోతాయి, ఒక పట్టీ పోతే అదొక్కటే మార్చుకోవచ్చు.

పాతచిత్రిక:
బెంచీ విషయంలో నీటిచుక్క గారి మాటే నాదీ. అల్మారాకి బీడబ్ల్యూపీ, బోర్డుకి ఎండీవో, దొరక్కపోతే గుడ్డ వేసిన మెరైన్. షాపులో షీటంతా వేలి కణుపుతో కొట్టుకుంటూ వెళ్లండి, ఎక్కడైనా డొల్ల చప్పుడు వస్తే ఇంకో షీటు తీయమనండి.