5 వైస్ చాలా, ఫాల్ట్ ట్రీ కావాలా?

సేఫ్టీశ్రీను:
ఫ్యాక్టరీలో ఏ ప్రమాదమైనా, నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) అయినా, కారణం తేల్చడానికి వరసగా ఐదుసార్లు 'ఎందుకు' అని అడిగే 5 వైస్ ఫారం చాలని నా వాదన. గంటలో తేలిపోతుంది, వర్కర్లూ కూర్చుని మాట్లాడతారు. ప్రమాదాన్ని పైన పెట్టి దాని కారణాలను కింద కొమ్మలుగా గీసే ఫాల్ట్ ట్రీ అంటే సాఫ్ట్‌వేరు, కన్సల్టెంటు. కాదనేవాళ్లు చెప్పండి.

పరవాడ_ప్రాసెస్:
శ్రీను గారూ, 12 మంది పోయిన 2020 మే 7 నాటి వైజాగ్ ఎల్జీ పాలిమర్స్ ఘటన మీద ఆ ఫారం నింపి చూడండి. ఆవిరి ఎందుకొచ్చింది? ఎం6 ట్యాంకులో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) పాలిమర్‌గా మారుతూ వేడెక్కింది. అదెందుకు? దారి ఇక్కడే చీలుతుంది. ఆ చర్యను అడ్డుకునే టీబీసీ అనే రసాయనం తగ్గిపోయింది. చల్లదనం పైపొరకు అందలేదు. ఉష్ణోగ్రత కొలిచేది అడుగునే, కాబట్టి పైన ఉడుకుతున్నా కంట్రోల్ రూములో అంకె మామూలుగానే ఉంది. ఫారంలో ఉన్నది ఒక్క గీత. మూడింట్లో ఏది రాస్తారు?

ఫాల్ట్ ట్రీలో పైన 'ఆవిరి విడుదల', దాని కింద యాండ్ గేటు: వేడి పుట్టింది, వేడి పోలేదు, ఎవరికీ తెలియలేదు. మూడూ కలిస్తేనే ప్రమాదం. ఏ ఒక్కటి తెంపినా ఆగేదని, వాటిలో ఏది చవకో కూడా బొమ్మలోనే కనిపిస్తుంది. ట్యాంకు పైభాగంలో ఇంకో సెన్సరుకి ఎంతవుతుంది?

సేఫ్టీశ్రీను:
అది ట్యాంక్ ఫామ్ (రసాయన ట్యాంకులుండే చోటు) అండీ. నిచ్చెన జారి కాలు విరిగితే యాండ్ గేట్లెందుకు? కొమ్మలు కావాలంటే 5 వైస్‌లోనూ వేసుకోవచ్చు.

కృష్ణవేణి_ఈహెచ్ఎస్:
ఇద్దరూ పద్ధతి గురించే కొట్టుకుంటున్నారు, ఆధారాల సంగతి వదిలేసి. డీసీఎస్ (కంట్రోల్ రూము కంప్యూటరు) ట్రెండు, లాగ్‌బుక్, వర్క్ పర్మిట్, షిఫ్ట్ హ్యాండోవర్ రిజిస్టరు మొదటిరోజే చేతికి తీసుకుని టైమ్‌లైన్ వేయాలి. సీసీటీవీ అయితే ఆలస్యం చేస్తే చెరిగిపోతుంది. ప్రతి 'ఎందుకు' పక్కన ఆధారం గడి ఒకటి ఉండాలి, అది ఖాళీ అయితే రాసింది ఊహే.

నిచ్చెన సంగతే చూడండి. జారింది, ఎందుకంటే పైన కట్టలేదు. కట్టడానికి చోటే లేదు. అసలది స్కాఫోల్డింగ్ మీద చేయాల్సిన పని, పర్మిట్ ఇచ్చినవాళ్లు ఆ చోటు చూడకుండానే సంతకం పెట్టారు. చాలామంది రెండో 'ఎందుకు' దగ్గరే 'వర్కర్ నిర్లక్ష్యం' అని రాసి ఫైలు మూసేస్తారు. మళ్లీ అదే పర్మిట్ మీద ఇంకొకరు ఎక్కుతారు.

పాత_ఇన్‌స్పెక్టర్:
ఫాల్ట్ ట్రీ 1962లో బెల్ ల్యాబ్స్‌లో క్షిపణి ప్రయోగ వ్యవస్థ కోసం పుట్టింది. పరికరాల వైఫల్యం దానికి బాగా చిక్కుతుంది, మనుషుల నిర్ణయాలు అంతగా చిక్కవు. లాక్‌డౌన్‌లో అంత స్టైరీన్ నిలవ ఉంచిందెవరు? సైరన్ ఎందుకు మోగలేదు? చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని 2019లో కంపెనీయే అఫిడవిట్‌లో చెప్పాక కూడా ప్లాంటు ఎలా నడిచింది? భద్రతా పరిశోధకుడు రాస్ముసెన్ చెప్పిన యాక్సిమ్యాప్ పద్ధతి వీటిని ప్రభుత్వం నుంచి యంత్రం దాకా అంతస్తులుగా గీస్తుంది. చిక్కల్లా పై అంతస్తును సరిదిద్దే అధికారం విచారణ కమిటీలో ఎవరికీ ఉండదు.

సేఫ్టీశ్రీను:
సరే, ప్రాణాపాయం ఉన్నచోట ఫాల్ట్ ట్రీ ఒప్పుకున్నా. బ్యాండేజీ కేసులకు మాత్రం నా ఫారమే, ఆధారం గడి చేర్చి.

పరవాడ_ప్రాసెస్:
మరి 20 మీటర్ల ఎత్తు నుంచి జారిన స్పానరు మనిషికి అరడుగు దూరంలో పడితే? బ్యాండేజీ కూడా అక్కర్లేదు. దానికి ఏ ఫారం?