స్విచ్ పెట్టె మార్చగానే మౌస్ బాణం మూలకు దూసుకుపోతోంది

భీమవరం నుంచి:
మా రొయ్యల మేత దుకాణంలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకదానిలో విండోస్ మీద ఖాతాలు రాస్తాము, రెండోదానిలో లినక్స్ మీద సరుకు నిల్వల పట్టిక నడుపుతాము. బల్ల మీద చోటు చాలక ఒకే తెర, ఒకే కీబోర్డు, గుండ్రని పిన్నుల పీఎస్/2 మౌస్ ఒకటి పెట్టి, రెంటినీ కేవీఎం పెట్టెకు (వీటిని ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి మార్చే స్విచ్‌కు) కలిపాము. విండోస్‌కు వెళ్లి తిరిగి లినక్స్‌కు వచ్చేసరికి బాణం తెర మూలకు పరుగెత్తుతోంది, నొక్కకుండానే మెనూలు తెరుచుకుంటున్నాయి. కీబోర్డు మాత్రం చక్కగా పనిచేస్తోంది. మౌస్ మార్చి చూసినా ఇదే వరస. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

పాలకొల్లు నుంచి:
నేను ఇలాంటివి చాలా బాగుచేశాను. తప్పు మౌస్‌ది కాదండి. మామూలు పీఎస్/2 మౌస్ ప్రతి కదలికనూ 3 బైట్ల కట్టగా పంపుతుంది, చక్రం ఉన్నది 4 బైట్లు పంపుతుంది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు నమూనా వేగాన్ని (సెకనుకు ఎన్నిసార్లు కదలికను తెలపాలో ఆ లెక్కను) వరుసగా 200, 100, 80కి మార్చమని అడుగుతుంది. ఆ వరుసను గుర్తుపట్టిన చక్రపు మౌస్ 4 బైట్ల పద్ధతికి మారుతుంది. ఆ ఒప్పందం కుదిరేది మొదట్లో ఒక్కసారే. పెట్టె దాన్ని గుర్తుంచుకోకుండా మౌస్‌ను 3 బైట్ల పద్ధతిలోనే వదిలేస్తే, లినక్స్ మాత్రం నాలుగేసి చొప్పున లెక్కపెట్టుకుంటూ పోతుంది కనుక, కదలికను తెలిపే బైటును బటన్ నొక్కినట్టుగా చదువుతుంది. మెనూలు వాటంతట అవే తెరుచుకోవడానికి కారణం ఇదే.

లినక్స్‌లో మౌస్‌ను నడిపే పీఎస్‌మౌస్ అనే డ్రైవరు మాడ్యూలును తొలగించి మళ్లీ ఎక్కిస్తే ఒప్పందం కొత్తగా కుదురుతుంది. శాశ్వతంగా కావాలంటే ఆ మాడ్యూలుకు ప్రోటో ఐచ్ఛికంగా బేర్ (సాదా 3 బైట్ల పద్ధతి) అని ఇవ్వవచ్చు, అయితే చక్రం పనిచేయదు. ఒక్క మనవి: యంత్రం నడుస్తుండగా పీఎస్/2 తీగను పీకి పెట్టకండి, అది అందుకు తయారుచేసిన అమరిక కాదు.

భీమవరం నుంచి:
మాడ్యూలు తిరిగి ఎక్కించగానే బాణం కుదుటపడింది, చాలా సంతోషమండి. యూఎస్‌బీ మౌస్‌కు ఆకుపచ్చ మార్పిడి ముక్క తగిలిస్తే ఈ బాధ పూర్తిగా పోతుందా?

పాలకొల్లు నుంచి:
పోదండి. ఆ ముక్క పిన్నులను కలుపుతుందే తప్ప భాషను మార్చదు; రెండు పద్ధతులూ తెలిసిన మౌస్ అయితేనే అది పనిచేస్తుంది, పనిచేసినా బైట్ల చిక్కు అలాగే ఉంటుంది.

రాజోలు నుంచి:
మాది యూఎస్‌బీ పెట్టె. కరెంటు పోయి ఒక కంప్యూటరు ఆగిపోయినప్పుడల్లా మౌస్ చచ్చిపోయేది. పెట్టె తనకు కావలసిన 5 వోల్టులను కంప్యూటర్ల నుంచే తీసుకుంటోందని గమనించి, దానికి తగిన అడాప్టరు విడిగా పెట్టాక ఆ ఇబ్బంది తీరింది. అదనపు బటన్లున్న మౌస్‌ను మాత్రం పెట్టెలోని మౌస్ రంధ్రానికి కాక మామూలు హబ్ రంధ్రానికి పెట్టవలసి వచ్చింది. అక్కడ మార్చిన ప్రతిసారీ తీసి పెట్టినట్టే కనుక ఒకటి రెండు క్షణాలు ఆగాలి. సముద్రపు ఉప్పుగాలికి పిన్నులు మసకబారుతాయి, వాటిని కూడా ఒకసారి చూసుకోండి.

భీమవరం నుంచి:
పిన్నులు శుభ్రంగానే ఉన్నాయి. పొడవైన నిల్వల పట్టికలకు చక్రం లేకుండా మాకు కుదరదు కనుక బేర్ పద్ధతి వద్దనుకుని, మాడ్యూలును తీసి ఎక్కించే చిన్న స్క్రిప్టును ఒక కీ కలయికకు తగిలించాను. లినక్స్ వైపు మారగానే మా గుమాస్తా దాన్ని నొక్కుతున్నాడు; నిన్న పొద్దుటి నుంచి బాణం ఒక్కసారీ దారి తప్పలేదు.