ఉగాది వేడుక, పిల్లల ప్రదర్శన: కోరాట్ పిల్లి మూలకు సంబంధించిన పనులు

హైదరాబాద్ నుంచి, పలకల బాధ్యులు:

అందరికీ నమస్కారం. బ్యాంకాక్‌లో మన సంఘం జరిపే ఉగాది వేడుకలో థాయ్‌లాండ్ జంతువుల మూలను హైదరాబాద్‌లో ఉన్న మా ముగ్గురికి అప్పగించారు కనుక, ఇప్పటివరకు తయారైన సంగతులను ఇక్కడ ఉంచుతున్నాను. ఏనుగును ఎవరైనా పెడతారు. మేము కోరాట్ పిల్లిని ఎంచుకున్నాము.

ఇది మనుషులు రెండు జాతులను కలిపి తయారు చేసిన పిల్లి కాదు, ఆ నేలమీద తనంతట తాను స్థిరపడిన జాతి. బ్యాంకాక్‌కు ఈశాన్యంగా సుమారు 260 కిలోమీటర్ల దూరంలో ఉన్న నఖోన్ రాచసీమకు వాడుక పేరు కోరాట్. ఆ పేరే పిల్లికీ స్థిరపడింది. ‘తమ్రా మేవ్’ అనే పాత సచిత్ర పద్య ప్రతులలో చెప్పిన 17 శుభప్రదమైన పిల్లులలో ఇదీ ఒకటి. థాయ్ భాషలో ‘మేవ్’ అంటే పిల్లి. ఆ మాటకు అర్థం మన పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరే పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు కాబట్టి, అక్కడ కొత్త పెళ్ళికూతురికి శుభం కోరి కోరాట్ పిల్లుల జంటను కానుకగా ఇచ్చే ఆచారం ఉందన్న వాక్యాన్ని పెద్ద అక్షరాలతో వేయిస్తున్నాము. 1959లో ‘నారా’, ‘దారా’ అనే జంట అమెరికా చేరిందన్నది చిన్న అక్షరాలలో చాలు.

మా లెక్కలో అసలు పలక వాన గురించినది. కోరాట్ బొచ్చు వెండి మెరుపు అంచుల నీలిబూడిద రంగులో, వానమబ్బులా ఉంటుంది; కళ్ళు లేత వరిపైరు రంగు. ఈశాన్య థాయ్‌లాండ్ పల్లెల్లో వానలు వెనకపడితే పిల్లిని బుట్టలో పెట్టి ఇంటింటికీ ఊరేగిస్తారు, ప్రతి గడపలోనూ దానిమీద నీళ్ళు చల్లుతారు. దీనిని ‘హే నాంగ్ మేవ్’ అంటారు. ఇది చదవగానే మా ముగ్గురికీ కప్పతల్లి గుర్తుకొచ్చింది. రోకలికి వేపమండలతో పాటు కప్పను కట్టి ఇద్దరు భుజాన మోస్తుంటే, వాకిట్లోకి వచ్చిన అమ్మలు బిందెతో నీళ్ళు గుమ్మరించేవారు. ముందు నడిచే నాకు కప్పకంటే ఎక్కువ నీళ్ళు పడేవి. అందుకే ఒక పలకలో రోకలినీ, దాని పక్కనే బుట్టనూ గీయిస్తున్నాము.

బ్యాంకాక్ నుంచి, వేదిక బాధ్యులు:

చాలా బాగుంది. అయితే తెలిసినవారి ఇంట్లో నిజమైన కోరాట్ ఉంది. దానిని తీసుకువస్తే పిల్లలు ఫొటోలు దిగుతారు కదా?

హైదరాబాద్ నుంచి, పలకల బాధ్యులు:

అన్నయ్యా, ఆ ఆలోచన వద్దని మనవి. కోరాట్ తన మనిషి ఒడిని వదలనంత మచ్చికైనదే గాని, ఆకస్మికంగా వచ్చే పెద్ద శబ్దాలను తట్టుకోలేదు. మన వేదిక మీద డప్పులు, పక్కనే స్పీకర్లు ఉంటాయి. కొన్ని ఊళ్ళలో ఆ ఊరేగింపుకే ఇప్పుడు బొమ్మ పిల్లిని వాడుతున్నారు కనుక, మనం బొమ్మను పెడితే ఆచారానికి వచ్చిన లోటేమీ లేదు.

పెంపకం పలకలో ఒక్క విషయాన్నే గట్టిగా చెప్పాలనుకున్నాము. మల్కాజ్‌గిరిలో మా అమ్మ వాకిట్లోకి వచ్చే బూడిద పిల్లికి రోజూ పెరుగన్నం పెట్టేది. అది పెరుగంతా నాకి, మెతుకులను గిన్నె అంచుకు నెట్టి వెళ్ళిపోయేది. దానిది పొగరు కాదు. పిల్లికి మాంసం నుంచి దొరికే టారిన్ అనే పోషకం లేకపోతే గుండె, కంటిచూపు రెండూ దెబ్బతింటాయి. పెరుగన్నంతో ఆ లోటు తీరదు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర ముక్కలైతే రక్తకణాలకే హాని, పారాసెటమాల్ మాత్ర ప్రాణాంతకం. కోరాట్‌కు అడుగుబొచ్చు లేదు కాబట్టి వారానికోసారి దువ్వితే చాలు. కొనేవారు మాత్రం గ్యాంగ్లియోసైడోసిస్ అనే వంశపారంపర్య నాడీవ్యాధికి తల్లిదండ్రులిద్దరికీ డీఎన్‌ఏ పరీక్ష జరిగిందో లేదో అడగాలి.

ఇక బొమ్మ సంగతి. వదిన గారు ఆకుపచ్చ గుండీలు దొరకక కళ్ళకు పసుపు గుండీలు కుట్టానని నిన్న నొచ్చుకున్నారు. వాటిని విప్పనక్కరలేదు, నీలి కళ్ళతో పుట్టే ఈ పిల్లికి మధ్యలో కళ్ళు పసుపురంగుకు తిరిగి, పూర్తిగా ఆకుపచ్చబడటానికి రెండు నుంచి నాలుగేళ్ళు పడుతుంది. బొమ్మ మెడలో ‘వయసు: ఏడాది’ అని చీటీ కట్టండి.