90 మి.మీ. ప్లేటు నడుమ పొరలోనే ఇంపాక్ట్ విలువ పడిపోతోంది, ఎలా సరిచేయాలి?

నేను ప్లేట్ మిల్లులో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. సముద్రంలో నిలబెట్టే ప్లాట్‌ఫాంల కోసం ఈఎన్ 10225 అనే యూరోపియన్ ప్రమాణం ప్రకారం ఎస్355జి10+ఎం రకం ఉక్కు ప్లేట్లు వేస్తున్నాం. మందం 90 మి.మీ., 300 మి.మీ. కాస్ట్ స్లాబు (పోతపోసిన ఉక్కు దిమ్మ) నుంచి.

మైనస్ 40 డిగ్రీల చార్పీలో (సుత్తి దెబ్బతో ముక్కను విరిచి, అది ఎంత శక్తి పీల్చుకుందో కొలిచే ఇంపాక్ట్ టెస్టులో) పావు మందం దగ్గర తీసిన ముక్కలు 200 జౌల్స్ దాటుతున్నాయి. సరిగ్గా నడుమ తీసినవాటిలో మాత్రం మూడింట ఒకటి 30 దగ్గరే విరుగుతోంది. కావలసిన సగటు 50. విరిగిన ముఖం చూస్తే చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. ఎచింగ్ చేస్తే (ఆమ్లంతో రుద్ది లోపలి నిర్మాణం చూస్తే) ఆ ఎత్తులోనే సన్నటి నల్లగీత. మాంగనీస్ సెగ్రిగేషనే (పోత గడ్డకట్టేటప్పుడు మాంగనీస్ నడుమకి చేరిపోవడమే) అని నా అనుమానం.

పై అధికారులేమో కార్బన్ కాస్త పెంచితే బలం ఖాయం, మాంగనీస్ తగ్గించుకోవచ్చు అంటున్నారు. నాకది నచ్చలేదు. వెల్డింగ్ పక్కన వేడి తగిలిన భాగం గట్టిపడి పెళుసవుతుంది, రేపు సీటీఓడీ టెస్టులో (పగులు ఉన్న ముక్క ఎంతవరకు తట్టుకుంటుందో చూసే పరీక్షలో) దొరికిపోతాం. మాంగనీస్ తగ్గించి నికెల్ కలిపితే మేలనుకుంటున్నా, ఖర్చు సంగతి వేరే.

అసలు స్లాబు నుంచి ప్లేటుకి వచ్చేసరికి మందం దాదాపు మూడో వంతుకే దిగుతోంది, నడుమ దాకా ఒత్తిడి అందుతుందా? చిన్న చిన్న పాసులు (రోలర్ల మధ్య నుంచి ఒక్కోసారి నొక్కడాలు) మాని, రఫింగ్‌లో (మొదటి దశ రోలింగ్‌లో) తక్కువ వేగంతో ఒక్కో పాసుకి ఎక్కువ నొక్కితే ఫలితం ఉంటుందా? లేక కాస్టింగ్‌లో సాఫ్ట్ రిడక్షన్ (నడుమ ఇంకా గడ్డకట్టకముందే స్లాబుని కాస్త నొక్కడం) సరిచేయకుండా ఇవన్నీ వృథాయేనా? ఇంత మందంతో పనిచేసినవాళ్లు ముందు దేన్ని ముట్టుకున్నారో చెప్పండి.